తేనె కలపని గాలి

మా ఎయిర్‌పోర్టులో మంటలార్పే బండి తోలేవాణ్ణి నేను. షెర్గీ గాలి లేచిందంటే చాలు, విమానం దిగేదాకా బండి స్టార్ట్ చేసుకుని రన్‌వే పక్కన కూర్చోవాలి. టవర్‌కీ పైలట్‌కీ మధ్య నడిచే ప్రతి మాటా నా రేడియోలో వినపడుతుంది. కాబట్టి మా టవర్ అమ్మాయి ఇతిమాద్ గురించి ఊళ్ళో ఎవడేం వాగినా పట్టించుకోకండి, నేను చెప్పేది వినండి.

షెర్గీ తూర్పు నుంచి వచ్చి మా రన్‌వేకి అడ్డంగా కొడుతుంది. ఓ క్షణం చెంప పగలగొట్టినట్టు విసురుతుంది, మరుక్షణం ఏమీ ఎరగనట్టు తగ్గుతుంది. దిగబోయే పైలట్‌కి ఆఖరి నిమిషంలో గాలి ఎంతుందో టవర్ చదివి చెప్పాలి. దిగాలో తిరిగిపోవాలో ఆ అంకె విని పైలట్ తేల్చుకుంటాడు. మా టవర్‌లో ఒక పాత అలవాటు ఉండేది. గాలి ఊపిరి తీసుకునేదాకా ఆగి, గాలి కొలిచే మీటరు ముల్లు కిందికి దిగిన ఆ క్షణాన అంకె చదివేవాళ్ళు. విసురు సంగతి మింగేసేవాళ్ళు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. దానికి ముద్దుగా 'తేనె గాలి' అని పేరొకటి. విమానం తిరిగిపోతే గవర్నరు ఫోన్ చేస్తాడు, మా డైరెక్టర్ ముఫద్దల్ గారు, మా మాటలో సి ముఫద్దల్, అందరి ప్రాణం తీస్తాడు. అందుకని ఆ తేనె.

ఇతిమాద్ తోలు చెప్పులు కుట్టే ఆయన కూతురు. ఆ టవర్‌లో మైకు ముందు కూర్చున్న మొదటి ఆడమనిషి. వచ్చిన వారంలోనే విసురు ఎంతుంటే అంత చదివేసింది. పక్కనున్న మగాళ్ళు నవ్వారు, కొత్త కదా, గాలంటే భయం అన్నారు. "నాకు భయం గాలంటే కాదు, మీ నోళ్ళంటే," అంది. ఆ దెబ్బకి నవ్వులు ఆగిపోయాయి, పగ మొదలైంది.

హజ్‌కి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చే రోజు రానే వచ్చింది. పళ్ళేల్లో ఖర్జూరాలు, గ్లాసుల్లో పాలు పట్టుకుని సగం ఊరు ఎయిర్‌పోర్టు ముందు నిలబడింది. గవర్నరు కూడా వచ్చాడు. ఆ విమానంలో ఇతిమాద్ వాళ్ళమ్మ లల్లా ష్రీఫా కూడా ఉంది (ఆడవాళ్ళని మర్యాదగా లల్లా అంటాం). సరిగ్గా అప్పుడే షెర్గీ లేచింది.

సి ముఫద్దల్ ఆయాసపడుతూ టవరెక్కాడట. ఇతిమాద్ నాకు తర్వాత చెప్పింది. గాలి కాస్త తగ్గేదాకా ఆగి చదవమన్నాడు, గవర్నర్‌గారు ఎండలో నిలబడ్డారన్నాడు. చివరికి, "మీ అమ్మ కూడా అందులోనే ఉంది కదమ్మా, ఆ మాత్రం జాలి లేదా?" అన్నాడు.

"అమ్మ ఉన్నా ఇంతే చదువుతాను, లేకపోయినా ఇంతే చదువుతాను," అని మైకు నొక్కింది.

నా రేడియోలో ఆమె గొంతు మామూలుగానే వినపడింది. "తూర్పు గాలి ఇరవై రెండు, విసురు నలభై ఒకటి." పైలట్ నేల దగ్గరదాకా వచ్చాడు. రెక్క ఒకటి కిందికి ఒరిగింది. నేను బండి గేరు వేశాను. అంతే, ముక్కు పైకెత్తి కాసాబ్లాంకా వెళ్ళిపోయాడు.

జనం ఏమన్నారో చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. కన్నతల్లినే దిగనివ్వని ఆడది అన్నాడొకడు. నాకు ఒళ్ళు మండి వాడి కాలరు పట్టుకున్నాను. మర్నాడు విమానంలోని ముసలాళ్ళందరూ అక్కణ్ణుంచి బస్సులో వచ్చారు. మోకాళ్ళు వాచిపోయి, కూతురి భుజం పట్టుకుని దిగింది లల్లా ష్రీఫా. "నా కూతురు తిప్పి పంపింది కాబట్టే కాళ్ళమీద వచ్చాను. కాదనేవాళ్ళు నా ముందుకొచ్చి అనండి," అంది. ఒక్కడూ రాలేదు.

కానీ సి ముఫద్దల్ ఊరుకునే రకమా? ఇక మైకు ముట్టుకోవడానికి వీల్లేదని అందరి ముందూ చెప్పి, ఇతిమాద్‌ని మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితాలు టైపు చేయించాడు. తనంతట తనే ఉద్యోగం వదిలేస్తుందనుకున్నాడు. రోజూ టైముకొచ్చేది, తలెత్తుకుని మూల కూర్చునేది. చూడలేక నేనే ఒకసారి, క్షమించమని ఓ ముక్క రాసిచ్చేయమ్మా అన్నాను. "ఏం తప్పు చేశానని రాయమంటావన్నా? గాలి వీచిందనా?" అంది.

చలికాలంలో మళ్ళీ షెర్గీ పట్టుకుంది. మైకు దగ్గరుండాల్సినవాడు జ్వరమని రాలేదు. ఒకప్పుడు తనూ ఆ పనే చేశానన్న గీరతో డైరెక్టరే కుర్చీలో కూర్చున్నాడు. పైలట్ గాలి అడిగాడు. సి ముఫద్దల్ ఆగి, ఆగి, "ఇరవై" అన్నాడు.

పైలట్, "మీ ఇరవైని నేనెంత అనుకోవాలి టవర్? ముప్ఫయ్యా, నలభయ్యా? ముప్ఫై దాటకపోతే నేను దిగగలను. హజ్ విమానాన్ని తిప్పి పంపిన ఆ లల్లా అక్కడుందా? ఆవిడ చదివితే దిగుతాను. లేదంటే ఇటునుంచిటే వెనక్కి పోతాను," అన్నాడు.

బండిలో ఒక్కణ్ణే పడీపడీ నవ్వాను.

పైన సి ముఫద్దల్ ఆమెని చేత్తో రమ్మన్నాడట. ఆమె కదల్లేదు. "మైకు ముట్టుకోవద్దని అందరి ముందూ అన్నారు. అందరూ వినేలాగే వెనక్కి తీసుకోండి," అంది.

నా రేడియో గరగరమంది. డైరెక్టర్ మాట వినపడింది. "లల్లా ఇతిమాద్ మైకు తీసుకుంటున్నారు. ఆవిడ చెప్పిందే మా టవర్ మాట."

"తూర్పు గాలి పంతొమ్మిది, విసురు ఇరవై తొమ్మిది. దిగొచ్చు."

"ఇరవై తొమ్మిది. నమ్ముతున్నాను, దిగుతున్నాను."

పక్కకి ఒరిగి వచ్చింది విమానం. ఒక చక్రం ఆనింది, తర్వాత రెండోది. నా ముందునుంచే దూసుకెళ్ళి రన్‌వే చివర క్షేమంగా ఆగింది. సి ముఫద్దల్ తన కుర్చీ తనకొస్తుందని పక్కనే నిలబడ్డాడట. ఆమె లేవలేదు.