ముకల్లాకు పోవలసిన తలుపు

మా అమ్మ ముకల్లా పట్నాన్ని తన సవతి అనేది. సముద్రం అవతల, అరబ్బు దేశపు దక్షిణపు అంచున ఉన్న ఓడరేవు అది. మా నాయిన పుట్టింది అక్కడే. మీసాలు సరిగ్గా రాకముందే ఓడెక్కి బొంబాయిలో దిగి, అక్కడినుంచి తిరిగి తిరిగి వనపర్తి చేరి, సంస్థానం కోట దర్వాజా దగ్గర కాపలా కొలువులో కుదిరాడు. ఆ రోజుల్లో గద్వాలలోనూ వనపర్తిలోనూ గుమ్మం ముందు అరబ్బులు నిలబడితే అదొక దర్జా. అమ్మది కోడేరు. దూది ఏకే దూదేకుల ఇంటి ఆడబిడ్డ, తెలుగు తప్ప మరో మాట ఎరగదు. అందుకే నడుముకు వంకర కత్తి కట్టుకొని తిరిగే ఆ మనిషిని మేము నాయిన అనే పిలిచాం. ఆయన కూడా ఆ పిలుపుకే పలికాడు.

సవతి అనడంలో అమ్మ తప్పేమీ లేదు. నాయిన జీతంలో పెద్ద పాలు ఆ ఊరికే పోయేది. మనసులో కూడా పెద్ద పాలు దానిదే. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కొని, సజ్జరొట్టె తుంచుతూ మొదలుపెట్టేవాడు. రొట్టె అయిపోయేది గాని ముకల్లా అయిపోయేది కాదు.

ఆయన తాత నాటికి అది ఉత్త చేపల రేవట. వెనక బోడికొండ, ముందు సముద్రం, మధ్యలో చాప పరిచినంత జాగా. సొరచేపలను చీల్చి ఎండబెట్టడం, వాటి నూనె పడవల అడుగున పూయడం, అంతే అక్కడి బతుకు. కొండల వెనక లోయల్లో ఊళ్ళున్నా వానల్లేవు. మగవాళ్ళు పొట్ట చేతపట్టుకొని దక్కనుకు వచ్చారు. నిజాం ఫౌజుల్లో, సంస్థానాల్లో, షావుకార్ల ఇళ్ళ ముందు కాపలా కాశారు. వాళ్ళలో పెద్ద జమేదార్లయిన ఒక కుటుంబం ఇక్కడి సంపాదనతో అక్కడ రాజ్యమే సంపాదించుకుంది. దాంతో రేవు దశ తిరిగింది. ఓడల సుంకం వసూలు చేసే కచేరీ వచ్చింది. మసీదు మినారు లేచింది. తేనె, సాంబ్రాణి, పొగాకు లోయల్లోంచి ఒంటెల మీద దిగేవి. బస్రా ఖర్జూరం, మన దేశపు బియ్యం, గుడ్డలు ఓడల్లోంచి దిగేవి. బజారులో ఉర్దూ మాట్లాడినా సరుకు పుట్టేదట. నీళ్ళ అంచున సున్నం వేసిన తెల్లటి మేడలు వరసకట్టాయి. ఆ ప్రతి మేడ వెనకా ఇక్కడ ఏదో ఒక గుమ్మం ముందు ఎండకు నిలబడిన మనిషి ఉన్నాడు.

ఒకసారి ఖిల్లా ఘణపూర్ పెళ్ళికి పోయినప్పుడు నాయిన మమ్మల్ని కొండ కింద నిలబెట్టి చూపించాడు. "గిట్లనే కొండ. గా చెరువు జాగాల సముద్రం అనుకోండ్రి. గాడ సుంకం కచేరి. గా బండరాయి ఉన్నది చూడు, గది మన ఇల్లు."

నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ మాకు మట్టి గోడలు, పైన బోదగడ్డి, వాకిలికి ఒక తడక. వాన వస్తే అమ్మ ఆ మూలకీ ఈ మూలకీ గిన్నెలు జరుపుతూ కూచునేది. అక్కడ మాత్రం చిన్నాన్న దగ్గరుండి, నాయిన పంపిన జీతంతో రెండంతస్తుల మేడ కట్టించాడు. దానికి ఇక తలుపు ఒక్కటే తక్కువ.

ఆ తలుపు సంగతే ఇప్పుడు చెప్పాలి. ఆ ఊళ్ళో ఒక రివాజు ఉందట. దక్కనులో కొలువు చేసినవాడి ఇంటికి దక్కను టేకు తలుపే ఉండాలి. పరాయివాడు వీధిలో పోతూ తలుపు చూసి, ఈ ఇంటాయన అక్కడ ఏం వెలగబెట్టాడో తెలుసుకుంటాడు. అందుకని నాయిన నాగర్‌కర్నూలులో పేరున్న వడ్లాయనకు తలుపు పని ఒప్పజెప్పాడు. నల్లమల టేకు తెప్పించారు. కొలతకు చిన్నాన్న పంపిన తాడు ఉన్నా నాయిన నమ్మలేదు. తన మోచేతినుంచి వేలి కొసదాకా మూరలు వేసి చూపించి, తృప్తిపడ్డాడు.

తలుపు సిద్ధమైందని కబురొస్తే బండి కట్టుకొని అందరం పోయాం. వడ్లాయన దాన్ని పందిట్లో నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి ఉంచాడు. రెండు రెక్కలు. ఒక్కో రెక్క నిండా తీగలు, పువ్వులు. పైన, రెక్కకు ఒకటి చొప్పున, ముక్కు ముక్కు ఆనించుకొని రెండు చిలకలు. అంత అందమైన వస్తువు అంతకుముందు నేను చూడలేదు. నాయిన మొహం మాత్రం మాడిపోయింది.

"ఇదేంది వడ్లాయన?"

"చిలకలు సాబ్."

"నేను నీకు చిలకలు చెప్పిన్నా? తీగలు, పువ్వులు అన్న."

"పువ్వులు గూడ ఉన్నయి గద. చిలకలు లేకుంట తలుపెట్లయితది సాబ్? మా తాత పెట్టిండు, మా అయ్య పెట్టిండు. మొండి తలుపు మీ దేశం పోతే నాకు నామోషి."

తమ ఊళ్ళో గుమ్మం మీద ప్రాణమున్న బొమ్మ పెట్టరని, నమాజు చేసే ఇంటికి అది తగదని నాయిన తన తెలుగులో తంటాలు పడి చెప్పాడు. రంద పట్టి ఆ కాస్త చెక్కెయ్యమన్నాడు. వడ్లాయన ఉలి కింద పెట్టేశాడు. చెక్కిన చేతితోనే వాటి మెడ కోయలేనని, కావాలంటే మరొకరితో చేయించుకొమ్మని అన్నాడు. మామూలుగా నలుగురిలో నోరెత్తని అమ్మ అప్పుడు ముందుకొచ్చింది.

"చిలకలను ముట్టకు, అన్న. అవ్వి ఉంటేనే తలుపు తీస్కపోతం."

నాయిన ఆమెను ఎగాదిగా చూశాడు. తలుపు వనపర్తి చేరి మా ఇంట్లో లోపలి గోడకు ఆనుకుంది.

అప్పటినుంచి ఇంట్లో చిలకల పంచాయితీయే. నాయిన ఒకరి తరువాత ఒకరిని వడ్లవాళ్ళను పట్టుకొచ్చేవాడు. ఆయన డ్యూటీకి పోగానే అమ్మ వాళ్ళకు మజ్జిగ తాగించి, మంచి మాట చెప్పి పంపించేసేది. "నీకు గా చిలకల మీద గంత పానమేంది?" అని ఆయన అడిగితే, "నాకు మంచిగున్నయి" అనేది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. ఆయన కోపం తలకెక్కి అన్నం మానేవాడు. ఆమె ఆయనకు ఇష్టమని చెరువు చేపలు వండి ముందు పెట్టేది. ఇవి బురద చేపలు, మా సముద్రం చేపలు వేరు అని వంకలు పెడుతూనే గిన్నె ఖాళీ చేసేవాడు.

ఇట్లా వాదులాడుతుండగానే గాలులు తిరిగి, పడవలు సముద్రం మీదికి పోని కాలం వచ్చింది. వానలు వెనకబట్టాక చూద్దామన్నాడు నాయిన. వానలు వెనకబట్టేసరికి యుద్ధం వచ్చింది. ఈ రోజుల్లో తలుపులూ గడపలూ ఎక్కించుకునే ఓడ దొరకదని బొంబాయిలో ఉన్న ఆయన దేశపువాళ్ళు కబురు చేశారు. తలుపు గోడకు ఆనుకొనే ఉండిపోయింది. మొదట్లో దానివంక చూడని మనిషి, పోనుపోను తన రుమాలుతో దాని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. చిలకలను కూడా తుడిచేవాడు. వాటిని చెక్కించే మాట మళ్ళీ ఎత్తలేదు.

యుద్ధంతో ముకల్లా కళ తప్పిందని విన్నాం. బయటి దేశాలకు పోయినవాళ్ళ డబ్బు అందక లోయల్లో ఆకలి చావులు మొదలయ్యాయట. బక్కచిక్కిన జనం కొండలు దిగి రేవులోకి వచ్చి పడుతున్నారట. ఊరు పెరిగింది తన పంటతో కాదు కదా, మా నాయినలాంటివాళ్ళ కాళ్ళ మీద. ఆ కాళ్ళు వణికితే ఊరూ వణికింది. ఆ కబురు విన్న నాడు నాయిన రొట్టె ముట్టలేదు. సవతిని అన్నేళ్ళు ఆడిపోసుకున్న అమ్మ కూడా ఆ రోజు పొయ్యి ముందు కూచొని కళ్ళు తుడుచుకుంది.

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య వచ్చింది. అరబ్బుల దగ్గర ఆయుధాలు తీసుకున్నారు. నాయిన తన కత్తిని ఒరతో సహా ఇచ్చి వచ్చాడు. నడుముకు ఏమీ లేకుండా ఇంటికి వస్తుంటే దూరంనుంచి నేను పోల్చుకోలేదు. కొన్నాళ్ళు వాళ్ళను ఒక చోట ఉంచి, ఆ దేశంలో పుట్టినవాళ్ళు ఆ దేశం పోవాల్సిందేనన్నారు. ఇక్కడ జుట్టు నెరిసినవాడు, ఇక్కడ బిడ్డల్ని కన్నవాడు అనే లెక్క లేదు. భార్యాపిల్లలు వెంట పోతామంటే పోవచ్చు.

పోయేముందు ఇంటికి రానిచ్చారు. అమ్మ అప్పటికే బట్టలు మూట కట్టింది. సముద్రం సంగతెత్తితేనే జ్వరం తెచ్చుకునే మనిషి.

"మేము గూడ వస్తం," అంది.

"వద్దు. గాడ తిననీకె లేదు. ముందుగాల నేను పోత, ఇల్లు చూస్త. బతుకు ఎట్లున్నదో చూసి పిలుస్త."

"పిలుస్తవా?"

"పిల్వక యాడికి పోత?"

చేత్తో మోసుకోగలిగినంతే తీసుకుపోవాలని హుకుం. నాయిన తలుపు దగ్గరికి పోయి, మోచెయ్యి దానికి ఆనించి, చిన్నగా మూరలు వేశాడు. ఎప్పుడో వేసిన కొలతే. మళ్ళీ ఎందుకు వేశాడో నాకు తెలియదు. తరువాత నా తల మీద చెయ్యి పెట్టి, వెనక్కి చూడకుండా పోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ ఊరి మీద కోపం మాత్రం గొంతుదాకా వచ్చింది. ఇన్నేళ్ళు జీతం తిన్నది చాలక చివరికి మనిషినే మింగింది.

పిలుపు రాలేదు. ఒక ఏడు గడిచాక, హైదరాబాదులో పుట్టినవాడని తేలి తిరిగి వచ్చిన అరబ్బు ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. నాయిన వెంట అదే ఓడలో పోయినవాడు. వాకిట్లో కూచొని, మంచినీళ్ళు తాగాడు. నాయిన మొన్నటి చలికాలంలో జ్వరంతో పోయాడని చెప్పాడు. అమ్మ ఒకటే అడిగింది. 

"ఇల్లు మంచిగుండెనా?"

"మంచి మేడ, బెహన్. సున్నం తెల్లగున్నది. కాని దర్వాజ లేదు. గోనెపట్ట కట్టిండు. సముద్రం గాలికి అది ఒక తీరుగ నిలువదు. తమ్ముడు వేరే దర్వాజ పెడ్తనంటే పెట్టనియ్యలే. అందరూ నవ్విన్రు. ఎవ్వలడిగినా ఒకటే మాట. నా దర్వాజ దక్కనుల ఉన్నది, చిలకలు చెక్కింది, నా పెండ్లామే తీస్కొని వస్తది అని."

ఆయన వెళ్ళిపోయాక అమ్మ లోపలికి పోయి తలుపు ముందు కూలబడింది. నేను పక్కన కూచున్నాను. అప్పుడు చెప్పింది. "నాకు చిలకలు ఇష్టమని కాదు బిడ్డ. చిలకలున్నన్ని దినాలు తలుపు పోదు. తలుపు పోకుంటే మనిషి పోడనుకున్న. ఉత్త చేతులతోటి పోతడని నాకేం తెలుసు." ఆ మాట అని వెక్కివెక్కి ఏడ్చింది. నాయిన పోయిన రోజున నాకు రాని ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.

మర్నాడే అమ్మ నాగర్‌కర్నూలు వడ్లాయనను పిలిపించింది. ఆయన ముసలివాడైపోయాడు. మేడకు కొలిచిన తలుపు మా మట్టి ఇంటికి పెద్దది. గోడ కొంత పడగొట్టి, తడక తీసేసి, గుమ్మం నిలబెట్టాడు. తన చిలకలే తలుపును పోనియ్యలేదని తల దించుకున్నాడు. అమ్మ ఇద్దత్ గడువంతా, మొగుడు పోయిన ఆడది గడప దాటకూడని ఆ రోజులన్నీ, ఆ గుమ్మం లోపలే కూచుంది.

గడువు తీరిపోయింది. అమ్మ కోడేరు పుట్టింటికీ పోలేదు, ఎవరి ఇంటికీ పోలేదు. మా వీధిలో అంత గట్టి తలుపు మరే ఇంటికీ లేదు. అయినా అమ్మ రాత్రిళ్ళు దాన్ని బార్లా తెరిచి పెట్టే పడుకునేది. దొంగల భయం ఉందని, ఆడవాళ్ళే ఉన్న ఇల్లని, పక్కింటి పెద్దమ్మ రోజూ పోరేది. ఒకరోజు ఓపిక పట్టలేక తనే వచ్చి గడియ వెయ్యబోతే అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దక్క. ఆయన గాడ తలుపు లేకుంట పండిండు. నేను గడియ పెట్టుకొని ఎట్ల పండాలె?"