గడువు దాటిన ఓట్ల సంచి

1996లో నేను దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, గ్రే స్ట్రీట్ పక్కసందులోని ఒక అటార్నీ ఆఫీసులో అసిస్టెంటుని. గుంటూరు కోర్టులో నల్లకోటు వేసుకుని వాదించినదాన్ని, ఇక్కడ ఫైళ్లు కుట్టడంతో మళ్లీ మొదలుపెట్టాను. వర్ణవివక్ష పాలన పోయి రెండేళ్లే; అప్పటికి ఆ దేశంలో చాలామందికి ఓటే కొత్త.

డార్నల్ దగ్గర చెరకు వేసే సింహాచలం నాయుడు గారు మా దగ్గరికి వచ్చారు. రైతుల సంఘం అధ్యక్ష ఎన్నికలో కొద్ది తేడాతో ఓడిపోయారు. అందరూ పోస్టల్ బ్యాలెట్, అంటే పోస్టులో పంపే ఓటు వేసేవారే. వానలకు రోడ్డు తెగి, కొండవైపు ఊళ్ల ఓట్ల సంచి గడువు దాటాక చేరింది. సంఘంవాళ్లు దాన్ని విప్పనేలేదు. ఆ ఊళ్లవాళ్లంతా అప్పుడే సభ్యత్వం దొరికిన జులూ రైతులు.

"టైముకే పోస్ట్ చేసినారమ్మా. కవరు మీద డేటు ఉన్నాది. ఓపెన్ చేయించు. అవి నా ఓట్లే," అన్నారాయన.

సంఘం నియమాల్లో ఒకచోట ఓటు గడువులోగా "పంపాలి" అని, ఇంకోచోట "అందాలి" అని ఉంది. ఆ రెండు మాటల మీదే కేసు నడిచింది. ఆ ఊళ్ల తరఫున అక్కడి రైతు శ్రీమతి మ్కీజే అఫిడవిట్ ఇచ్చింది. అంటే ప్రమాణం చేసి రాసిచ్చే సాక్ష్యం. వాయిదా పడ్డ ప్రతిసారీ నాయుడు గారే ఆమెను తన బక్కీలో, ఆ చిన్న ట్రక్కులో, తీసుకొచ్చేవారు. ఆమె చెప్పులు విడిచి, కోర్టు బెంచీ మీద కునికిపాట్లు పడేది.

చివరికి అవతలివాళ్లు రాజీకి వచ్చారు. ఉపాధ్యక్ష పదవి ఇస్తాం, కేసు వదిలేయమన్నారు.

"పోనీలేమ్మా, అలిసిపోయినాను," అన్నారు నాయుడు గారు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

"మీరిద్దరూ సర్దుకుంటే నా ఓటు ఏమవుతుంది?" అంది మ్కీజే.

నాయుడు గారు రాజీ కాగితాన్ని పక్కకు నెట్టేశారు. తర్వాత రాజీ వద్దని చెప్పమన్నారు.

గడువులోగా పోస్టు చేసినవన్నీ లెక్కపెట్టమని జడ్జి తీర్పు ఇచ్చారు. సంచి విప్పారు. ప్రత్యర్థి ఆధిక్యం ఇంకా పెరిగింది.

"నేనూ ఆయనకే వేశాను. మా చెరకు మోయడానికి ట్రాక్టరు పంపింది ఆయనే," అంది మ్కీజే.

"ఇన్నాళ్లు నా బక్కీలో తిరిగినావు, చెప్పలేదే!"

"మీరు అడగలేదు."

నాయుడు గారు మొహం తుడుచుకుని, "పద, ఇంటికాడ దింపుతాను," అన్నారు.

ఆ తర్వాత ఎన్నో ఎన్నికల తగాదాలు నా బల్ల మీదికి వచ్చాయి. ఫైలు తెరిచేముందు ఒకటే అడుగుతాను: "లెక్కపెట్టాక మీరే ఓడిపోతే?" చాలామంది లేచి వెళ్లిపోతారు.