పెరట్లో పడవ

సముద్రం గుమ్మానికి ఎదురుగా ఉండగా పెరట్లో ఈత తొట్టి కట్టించుకున్న మనిషి మా జాలారిపేటలో మా అక్క సూర్యకాంతమ్మ ఒక్కతే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వారు జనం. ఆ నవ్విన వాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్ల పిల్లలు నడుస్తారు. వాళ్లకేం తెలుస్తుంది?

అక్క కూతురు రత్నాలుకి రెండో ఏట జ్వరం వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. పోలియో అన్నారు. ఏడో ఏడు వచ్చేసరికి పిల్ల చేతుల మీద పాకుతూ ఇల్లంతా తిరిగేది. మోకాళ్లు మడతపడి బిగుసుకోవడం మొదలైంది. పెద్దాసుపత్రి డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. రోజూ నీళ్లలో నిలబెట్టి నడిపించండి, నీరు ఒంటి బరువు మోస్తే కాళ్లు పని నేర్చుకుంటాయి, ఈ ఏడాది దాటిందా మోకాళ్లు ఇక ఇలాగే ఉండిపోతాయి అన్నాడు.

మర్నాడే అక్క, బావ ఎల్లాజీ పిల్లని సముద్రంలోకి ఎత్తుకెళ్లారు. మా సముద్రం సంగతి విశాఖపట్నం వాళ్లకి చెప్పక్కర్లేదు. నిలబడ్డవాడి కాళ్ల కింద ఇసుకని లాగేసుకుంటుంది. రెండో కెరటానికే పిల్ల బావ చేతిలోంచి జారిపోయింది. బావ కాబట్టి మునిగి పట్టుకొచ్చాడు. ఆ తరవాత కెరటం చప్పుడుకే రత్నాలు వణికిపోయేది. ఊళ్లో ఈత కొలనులున్న క్లబ్బులు లేకపోలేదు. చేపల బుట్ట వాసన గేటు దాటనివ్వరు, అంతే.

అలా పెరట్లోనే తొట్టి కట్టాలని అక్క పట్టు పట్టింది. ఎనభైల మొదట్లో మాట ఇది. రొయ్యకి మంచి గిరాకీ వచ్చిన రోజులు. బావ మరబోటు మీద డ్రైవరు. వేటకి వెళ్తే ఒడిశా దాకా పోయి వారం పది రోజులకి గాని వచ్చేవాడు కాదు. కాబట్టి కట్టించే భారమంతా అక్కదే. ఒక కంట్రాక్టరు వచ్చి, పెరట్లో నాలుగు మూరల లోతుకే నీరు ఊరడం చూసి, ఈ ఇసకలో నా వల్ల కాదమ్మా అని లేచిపోయాడు. చివరికి గాజువాక నుంచి కన్నబాబు అనే మేస్త్రి ఒప్పుకున్నాడు. స్టీల్‌ప్లాంటు క్వార్టర్లకి నీళ్ల ట్యాంకులు కట్టిన మనిషి. అవన్నీ స్తంభాల మీద నిలబడే ట్యాంకులు. భూమిలో దిగబడి ఉండే తొట్టి ఆయన చేతి మీద అదే మొదలు. మా అక్కకీ అదే మొదలు. ఇద్దరికీ తెలియనిది ఒకటే అయినప్పుడు ఎవరు ఎవరికి చెబుతారు?

తెలిసిన పనిలో మాత్రం మా అక్క గట్టిది. ఇసుక తగరపువలస నుంచి, గోస్తని ఏటి ఇసుక రావాలి. ఒక లారీవాడు దారిలో సముద్రపు ఇసుక కలిపి తెచ్చాడు. అక్క చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, తిరిగి ఎత్తుకుపొమ్మంది. ఉప్పు ఇసకతో కడితే లోపలి ఇనుము తినేస్తుందని కన్నబాబు చెప్పాడు గాని, నాలికతో పరీక్ష చేయడం మాత్రం ఆవిడ సొంత విద్యే. ఎండుచేపలు అమ్మిన నాలికకి ఉప్పు దాగదు. కూలీలు గమేళాలో సిమెంటు తక్కువ వేసినా, కాంక్రీటు కూరేటప్పుడు మూల వదిలేసినా అక్కడే నిలబడి తీయించి మళ్లీ వేయించేది. పుస్తెలతాడు తప్ప ఒంటి మీద ఉన్న బంగారమంతా ఆ గుంటలోకే పోయింది. రెండోసారి కట్టే తాహతు ఆ ఇంటికి లేదు. అది అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు.

ఈత కొలను, స్విమ్మింగ్ పూల్ అనే మాటలు మా వాళ్ల నోరు తిరిగేవి కావు. ఒకవైపు లోతు, ఒకవైపు మెరకగా పొడుగ్గా ఉన్న ఆ తొట్టిని చూసి, అక్క అత్తగారు పోతమ్మ మొదటి రోజే పడవ అంది. ఇంక అదే పేరు స్థిరపడింది. కాంక్రీటు పూర్తయిన రోజున ఆ ముసలావిడ కొత్త పడవకి చేసినట్టే ముందు అంచుకి పసుపు పూసి, కుంకం పెట్టి, వేపమండ కట్టి, కొబ్బరికాయ కొట్టింది. నేను స్కూల్లో పాఠాలు చెప్పుకునేదాన్ని, అయినా నాకూ అందులో తప్పేమీ కనబడలేదు. మాకు నీటికి సంబంధించిన వస్తువు ఏదైనా పడవే.

ఇక మిగిలింది లోపలి గోడలకి గిలాబు పూత. కాంక్రీటు గట్టిపడడానికి తొట్టిలో మోకాలి లోతు నీళ్లు కట్టి ఉంచి కన్నబాబు గాజువాక వెళ్లాడు. అప్పుడు వచ్చింది వాయుగుండం. అక్టోబరు నెల. రేడియోలో చెప్పారు, హార్బరులో ప్రమాద జెండా ఎగిరింది. వేటకి వెళ్లిన బోట్లు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఎల్లాజీ బావ బోటు రాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా వాన కూడా అందుకుంది.

తుఫాను ముందు మా వాళ్లు చేసే పని ఒకటుంది. తెప్పల్నీ పడవల్నీ ఒడ్డున పైకి లాగి, అడుగున చుక్క లేకుండా నీళ్లు తోడేస్తారు. ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులే ఆ పని చేసుకుపోతాయి. ఆ సాయంత్రం బావకి అన్నయ్య తాతబాబు మనుషుల్ని వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చాడు. తమ్ముడు ఇంట్లో లేడు, తమ్ముడి పడవని నేను చూసుకోవద్దా అన్నాడు. కట్టి ఉంచిన నీళ్లూ, పడిన వాననీళ్లూ కలిపి అంతా తోడి అవతల పోశారు. గుడ్డ పెట్టి అడుగు తుడిచారు కూడా. అక్క సంతోషించి అందరికీ చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఇంత మంచి బంధువులు ఎవరికి ఉంటారని నేనూ అనుకున్నాను.

తెల్లవారేసరికి తొట్టి లేచింది.

ముందు అంచు నేలకి జానెడు ఎత్తున ఉంది. నీళ్లు పోవడానికి కట్టిన పైపు విరిగి పక్కకి తిరిగిపోయింది. గట్టు చుట్టూ ఇసుక నోరు తెరిచింది, ఆ పగుల్లోంచి బురదనీరు బుడగలు కడుతోంది. వాన ఆగలేదు. నుయ్యి అంచుదాకా నిండి ఉంది. ఉండుండి కాంక్రీటు లోపల ఎక్కడో మూలుగులాంటి చప్పుడు వచ్చేది. ఇంకాస్త లేస్తే నడుం దగ్గర విరిగి రెండు ముక్కలవుతుందని చూసినవాడు ఎవడైనా చెప్పగలడు. విరిగితే రత్నాలు మోకాళ్ల సంగతి అక్కడితో సరి.

అసలు సంగతి ఎవరికీ విడమరచి చెప్పే పని లేకపోయింది. నేల కింద నీరు ఉబ్బింది, ఖాళీ తొట్టి తేలింది. పుట్టిన దగ్గర నుంచీ ఖాళీ పడవ తేలుతుందని తెలిసిన వాళ్లం, పడవ అని పేరు పెట్టి మరీ దాన్ని ఖాళీ చేశాం. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నేను వాన మీద చూపించాను.

తాతబాబు మొహం పాలిపోయింది. ఆయనకీ తెలిసిన మార్గం ఒక్కటే. మోకులు తెప్పించి తొట్టి అంచుకి ఉన్న ఊచలకి బిగించి, కొబ్బరి చెట్లకి కట్టించాడు. లంగరేసినట్టన్నమాట. మళ్లీ మూలుగు వినబడింది. కొబ్బరి చెట్టు ఊగింది గాని తొట్టి ఆగలేదు.

అక్క అప్పటిదాకా రత్నాలుని చంకనెత్తుకుని వానలోనే నిలబడి ఉంది. పిల్లని నాకందించి తాతబాబు దగ్గరికి వెళ్లింది.

"బావా, తాల్లకి ఆగదు. నీల్లు పొయ్యాల. అది ములిగిపోవాల."

మగవాడు వేటలో ఉండగా ఆ మాట మా ఇళ్లలో ఎవరూ అనరు. చెంబు బోర్లించరు. పడవలో చెంబెడు నీళ్లు పోయరు. పొద్దు గుంకిందని కూడా వేరే మాటతో చెప్పుకుంటారు. అలాంటిది, భర్త బోటు జాడ లేని పూట, పసుపు కుంకం పెట్టిన పడవలో నీళ్లు పోసి ముంచమంటోంది ఇల్లాలు.

"నోరు కడుక్కో కాంతం. తమ్ముడు గంగలో ఉన్నాడు," అన్నాడు తాతబాబు. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. వెనక ఉన్న మగవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. ఒకామె గట్టిగానే అంది, పిల్ల కాళ్ల కోసం మొగుణ్ని ఇచ్చుకుంటుందా అని. నాకు ఆమె జుట్టు పట్టుకోవాలనిపించింది. చేతుల్లో పిల్ల ఉంది.

అక్క ఇత్తడి బిందె తీసుకుని నూతి దగ్గరికి నడిచింది, వంగి ముంచింది, తెచ్చింది. తొట్టి అంచు దాకా తెచ్చి అక్కడ ఆగిపోయింది. బిందె ఎత్తడానికి చేతులు రావడం లేదు. మా అక్క మొండిదే గాని రాయి కాదు. పెళ్లయిన నాటి నుంచీ భర్త వేటకి వెళ్తే తల దువ్వుకోవడానికి కూడా మంచి గడియ చూసుకునే మనిషి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ మాటకి అర్థం ఆ వేళ ఆవిడ మొహంలో చూశాను. వాననీళ్లతో పాటు కన్నీళ్లు కారిపోతున్నాయి. బిందె నడుం మీదే ఉంది. తొట్టి మళ్లీ మూలిగింది.

పోతమ్మ అరుగు మీంచి దిగింది. ముసలావిడకి అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం. బురదలో గోడ పట్టుకుంటూ వచ్చింది. అత్తాకోడళ్ల మధ్య ఏనాడూ నాలుగు మంచి మాటలు సాగింది లేదు, అందుకని అందరం గొడవ తప్పదనే అనుకున్నాం.

"ఆ బిందె ఇలాగియ్యి," అంది.

అక్క ఇవ్వలేదు. బిందెని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యే. నాను పోత్తాను. రేపు నా కొడుక్కి ఏటైనా అయితే తల్లే ముంచుకుంది అనాల. పెల్లాం ముంచిందని ఎవులూ అనకూడదు. ఆ పిల్లని పెంచాల్సిన దానివి నువ్వు."

బిందె లాక్కుని, తూర్పుకి తిరిగి, ఏం గొణుక్కుందో గొణుక్కుని తొట్టిలోకి కుమ్మరించింది. వెంటనే ఖాళీ బిందె అక్క చేతిలో పెట్టి, ఇంక నువ్వు పొయ్యి, మొదటిది నాది అయిపోనాది అంది.

తరవాత పేట ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. నేను జుట్టు పట్టుకోవాలనుకున్న ఆమె కూడా వచ్చింది. నూతి దగ్గర నుంచి తొట్టి దాకా వరసగా నిలబడి, బిందెలు చేతులు మార్చుకుంటూ పోశారు. తాతబాబు చాలాసేపు గోడ పక్కనే ఉండిపోయి, చివరికి తలగుడ్డ విప్పి నడుముకి బిగించి వరసలో దూరాడు. మధ్యాహ్నానికి మూలుగు ఆగింది. చీకటి పడే వేళకి తొట్టి కాస్త కిందికి దిగింది. పూర్తిగా దిగలేదు. అడుక్కి ఇసుక చేరిపోయి ఒక పక్క ఎత్తుగానే నిలిచిపోయింది. నీళ్లు సాపుగా ఉంటాయి, గట్టే వంకర. విరగలేదు, అది చాలు.

అయితే బావ రాలేదు. గాలి తగ్గింది, ఎండ కాసింది, హార్బరులో జెండా దించేశారు. బావ బోటు కబురు మాత్రం లేదు. పేటలో ఎవరూ మా అక్కని ఒక్క మాట అనలేదు. అనాల్సిన మాటలన్నీ పోతమ్మకి పడ్డాయి. నూతి దగ్గర, కొట్టు దగ్గర, ఆవిడ వినేలాగే అనేవారు. ఆవిడ కోరుకున్నదీ అదే కాబట్టి నోరెత్తేది కాదు. ఒడ్డున కూర్చునేది, అన్నం తెస్తే ముద్ద ముట్టేది కాదు. అక్క వెళ్లి పక్కన కూర్చుంటే, పో, పిల్లని చూసుకో అని తరిమేసేది. ఆ రోజుల్లో ఆవిడ మొహం చూడాలంటే నాకు ధైర్యం చాలేది కాదు. నేను కూడా లోపల లోపల ఆ బిందె సంగతే తలుచుకునేదాన్ని. చదువుకున్నదాన్ని, అయినా తలుచుకున్నాను.

గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డుకి కొట్టుకుపోయి, ఇంజను బాగు చేసుకుని, బావ ఒక మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాడు. ఇల్లు చేరకముందే దారిలో ఎవరో ఉత్సాహవంతులు అంతా చెప్పేశారు, మీ అమ్మ నిన్ను ముంచేసిందిరా అని. ఆయన పెరట్లోకి వచ్చేసరికి పోతమ్మ నూతి గట్టు మీద కూర్చుని ఉంది. కొడుకుని చూసి లేవలేకపోయింది. బావ తల్లినీ, నిండుగా ఉన్న తొట్టినీ చూశాడు. చొక్కాతోనే తొట్టిలోకి కాలు పెట్టాడు.

"దిగకురా," అంది పోతమ్మ. "ఆ నీల్లలోకి దిగకు నాయనా."

బావ దిగాడు. ఛాతీ దాకా నీళ్లొచ్చే దగ్గర నిలబడి రెండు చేతులూ చాచాడు.

"నువ్వు పోసిన నీల్లే కదే అమ్మా. పిల్లనియ్యి."

పోతమ్మ లేచింది. అరుగు మీదున్న రత్నాలుని ఎత్తుకుంది. ఆ వయసులో ఆ బరువు ఎలా మోసిందో గాని, ఎవరినీ సాయం రానివ్వలేదు. తొట్టి అంచున మోకాళ్ల మీద కూర్చుని పిల్లని కొడుకు చేతుల్లోకి జారవిడిచింది. రత్నాలు తండ్రి మెడ వాటేసుకుని కళ్లు మూసుకుంది. బావ మెరక వైపుకి నడిచి మెల్లగా కిందికి దించాడు. కెరటం రాలేదు. పిల్ల ఒక కన్ను తెరిచి చూసింది, తరవాత రెండోది తెరిచింది. కింద పాదాలు తొట్టి అడుగున ఆనాయి.