గుప్పెడు ముగ్గుపిండి

హార్బరు పక్క హైస్కూల్లో ఆయా గురువమ్మది గేటు దాటగానే అడ్డచుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకునే అలవాటు. ఓడ కూత వినపడేసరికి లాబు గుమ్మంలో ఆవిడ ముగ్గు సిద్ధం. ఎనిమిదేళ్లుగా టెంపరరీయే. ఈసారి స్కూలు తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టరు మంచి మాట రాస్తే పర్మనెంటు, లేకపోతే ఇంటికే. ఆయన రానే వచ్చాడు. లాబులో శ్రీరామ్మూర్తి మాస్టారు పాలరాతి ముక్కను జాడీలోని ఆసిడ్‌లో వేశాడు. పిసినారి ఇంట్లో చుట్టానికి నెయ్యి వడ్డించినట్టు, ఒక్కో బుడగే వస్తోంది. ఇన్‌స్పెక్టరు ఆవులించాడు. చదువుకున్న చేతికి రోట్లో దంచే సంగతేం తెలుస్తుంది!

గుమ్మంలో గురువమ్మకి ఒళ్లు మండిపోయింది.

“ఉలవలుడికేలోగా ఉలవపిండి పదిసార్లుడుకుతాది మేస్టారూ! ఆ రాయినలా సూత్తా కూకుంటే ఏటవుద్ది?” అంటూ చేతిలో ఉన్న ముగ్గు చిప్పలోంచి పాలరాతి ముగ్గుపిండి గుప్పెడు తీసి జాడీలో కొట్టింది.

బుస్సుమని పొంగింది! జాడీ దాటి, బల్ల దాటి, ఇన్‌స్పెక్టరు ఫైలు మీదకీ బూట్ల మీదకీ నురగ. పిల్లలు బెంచీలెక్కి కేకలు. మాస్టారి ముఖం సున్నం కొట్టినట్టయింది.

“ఎందుకలా పొంగింది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. మాస్టారు పాఠ్యపుస్తకం పేజీలు తిప్పసాగాడు.

“రాయయితే పైపైనే తడుస్తాది బాబూ. పిండయితే రేణువు రేణువుకీ పులుసు తగులుతాది” అంది గురువమ్మ, కొంగుతో ఆయన బూట్లు తుడుస్తూ.

ఆయన పొట్ట పట్టుకు నవ్వి, ఆ తడి ఫైలు మీదే ఆవిడని పర్మనెంటు చెయ్యమని రాసేశాడు.

మర్నాడు లాబు ముందు ముగ్గులో గురువమ్మ ఓ జాడీ గీసింది. దాని నురగ మాత్రం వరండా పొడుగునా పాకి, హెడ్మాస్టరు గుమ్మం ఎక్కేసింది.