జకరయ్య అడిగిన మాట

జకరయ్య చెట్లెక్కి కాయలు కోసి, కొబ్బరి దింపు తీసి బతికేవాడు. పందొమ్మిదివందల ఎనభై అయిదులో ఒక ఉదయం కొత్తపేట టీ హోటల్ బయట నిలబడి టీ తాగుతున్నాడు. అతనికి పనిచ్చే తోట యజమాని జగ్గయ్యగారు లోపల పేపరు చదువుతూ దక్షిణాఫ్రికా అధ్యక్షుణ్ణి తిట్టిపోస్తున్నారు.

“నల్లోళ్ళు వేరు, తెల్లోళ్ళు వేరంటాడేంట్రా? సిగ్గులేనోడు!”

“ఆయ్, సిగ్గులేనోడేనండీ,” అన్నాడు జకరయ్య. తాగిన గ్లాసు తనే కడిగి, ఊరి చివర తన పేటవాళ్ళకని బయట పెట్టిన గూట్లో బోర్లించాడు. “అక్కడ నల్లోళ్ళ గ్లాసులు కూడా ఇలాగే బయటెడతారాండీ?”

జగ్గయ్యగారు పేపరు మడిచేశారు. లోపల బల్ల మీద కూర్చున్న నేను తాగిన గ్లాసు అక్కడే వదిలి లేచాను. నా గ్లాసు హోటలువాళ్ళే కడుగుతారు.

మర్నాడు జగ్గయ్యగారి తోటలో దింపుకి వేరే మనిషి వచ్చాడు. జకరయ్య చెట్లెక్కే మోకు భుజాన వేసుకుని, పని వెతుక్కుంటూ అమలాపురం బస్సెక్కాడు. నేను హోటల్ దాకా వెళ్ళి, లోపలికి పోలేక, ఇంటికి రాలేక, రోడ్డు మీదే తిరిగాను.