ఫోనులో శుభలేఖ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, నా పెళ్లిని మా బావగారు ఫోనులో ఎలా ఇరికించారో చెబుతాను. ఆ రోజుల్లో రాజోలులో గేములాడే ఫోను చేతిలో ఉన్నవాడు సగం దేవుడు. ఆ ఫోన్లు అమ్మే మా అక్కమొగుడు పూర్తి దేవుడు (ఆయన అభిప్రాయం). నా పెళ్లి కుదరగానే, "కాగితం శుభలేఖలెందుకండీ మావయ్యగారూ? ఫోనులో చేసేస్తాను. ఒక్కసారి రాస్తే ఏ కంపెనీ ఫోనులోనైనా ఆడుద్దండి," అన్నారు. "ఏ ఫోను భాష దానిది కదా బాబూ?" అని నాన్న సందేహం. "ఆయ్, అందుకే ప్రతి ఫోనులోనూ ఓ దుబాసీని పెట్టి అమ్ముతారండి. నేను రాసింది వాడు చదివి, ఆ ఫోనుకి దాని భాషలో చెప్పేస్తాడు." ఏడో తరగతితో ఆగిన నేను నోరు తెరుచుకుని విన్నాను. అంతటితో ఊరుకోక, ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవడం పాతచింతకాయ పచ్చడని మాన్పించాను కూడా.

మొదటిసారి పంపితే అందరి ఫోన్లలోనూ ఖాళీ గడులు వచ్చాయి. దుబాసీ అక్షరాలిమ్మని అడిగితే, ఫోను దగ్గర తెలుగువి లేవట. "దాన్ని దేబిరించడమెందుకు మరదలా? అక్షరాలన్నీ నేనే బొమ్మ గీసి పంపుతాను, దుబాసీ తెరమీద అంటిస్తే చాలు," అని బావగారు గీశారు. బ్రహ్మాండంగా వచ్చింది, అరచేతంత తెర ఉన్న ఆయన ఫోనులో. (మిగతా జనం ఫోన్లు అగ్గిపెట్టెలని ఆయనకు తోచలేదు.)

పెళ్లి వాడపల్లి గుడిలో, పొద్దున్న తొమ్మిదింటికి. ఏడింటికి పురోహితుడు, "అమ్మాయిని బుట్టలో తెచ్చే మేనమామగారేరండీ?" అన్నారు. నాకున్నది ఒక్కడే, దిండి మావయ్య. నాన్న ఫోను చేస్తే, "రాజోల్లో మీ గుమ్మంలోనే ఉన్నానండి బావగారూ, తాళమేసుందేంటండీ?" అన్నాడు. ఆయన ఫోనులో దుబాసీ తప్పేం చేయలేదు. బొమ్మను పైనుంచి అంటించుకుంటూ వచ్చాడు, తెర అయిపోయింది, ఆగిపోయాడు. పేర్లూ తేదీ మిగిలాయి, ఊరు కిందకి జారిపోయింది. మిగతావాళ్లు ఊరు అడిగి తెలుసుకున్నారు గానీ, బొట్టు పెట్టి పిలవలేదన్న అలకతో మావయ్య ఎవర్నీ అడగలేదు. మేనమామ ఎత్తకపోతే పీటల మీదకి రానని నేను ఖాళీ బుట్టను పట్టుకుని ఏడ్చాను.

తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా మావయ్య కొబ్బరికాయల వ్యాను దిగాడు, తలనిండా పీచు. "మీ ఫోను మరీ చిన్నది కదండీ," అని బావగారు నసిగారు.

"ఆయ్, చిన్నదేనండి. గీసేముందు దాన్నోసారి చూడద్దా అండీ? ఇన్ని ఫోన్లలో దుబాసీల్ని కూర్చోబెట్టేరు, మా గుమ్మానికి పంపడానికి మీ ఇంట్లో ఒక్క మనిషి దొరకలేదేంటండీ?"

బావగారు కండువా సర్దుకున్నారు. నేను తల వంచుకుని బుట్టలో కూర్చున్నాను. మావయ్య ఎత్తుతూ, "బరువెక్కేవే పిల్లా," అన్నాడు, అలకంతా అంతటితో సరి. గుమ్మాలెక్కడం నామోషీ అనుకున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.

మీ ఇంటి శుభకార్యాలకు మీవాళ్లంతా పిలవగానే కదిలి వేళకి చేరుదురుగాక, మీ పిల్లల్ని ఎత్తే చేతులు చల్లగా ఉండుగాక.