ఎర్ర రంగు పూసిన పిన్ను

నమ్మండి, ఇది నిజంగా నాకే జరిగింది. మా షాపులో ఈ సంగతి ఇంకోలా చెప్పుకుంటారు. అందులో నేను పెద్ద నిజాయితీపరుణ్ని. అది అబద్ధం.

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే రోడ్డు మీద మా మెషిన్ షాపు. ఒకప్పుడు చెరకు మిల్లులకు పళ్లచక్రాలు చేసేవాళ్లం. ఇప్పుడు శిక్షణ విమానాల విడిభాగాలు కూడా మరమ్మతుకు వస్తాయి. ఆ రోజు వచ్చినవి చక్రాల దగ్గర బిగించే స్టీలు పిన్నులు. గ్రైండింగ్ చేసి కొలత సరిచేయాలి. ఈ పనిలో ఒక కట్టడి ఉంది. పిన్ను నేల మీద పడితే, గీత పడకపోయినా సరే, ఎర్ర రంగు పూసి పక్కన పెట్టాలి. లోపలి పగులు కంటికి కనబడదు.

చివరి పిన్ను నా చేయి జారింది. ఠంగ్... దొర్లుకుంటూ పోయి గోడ దగ్గర ఆగింది.

నా చేయి జారదని షాపులో పేరు. ఆ పేరు పోతుందని భయం. తుడిచాను. కొలిచాను. సరిగ్గానే ఉంది. మిగతావాటితో కలిపి పెట్టెలో పెట్టేశాను.

అప్పుడే సాయిలు ఫోన్ చేశాడు. పొద్దున పెట్టెను హైదరాబాద్ తీసుకెళ్లేది అతనే.

"అన్నా, పనైందా? మల్ల పొద్దుగాల నన్ను నిలబెడ్తవా ఏంది?"

"అయిందిరా. వచ్చి తీస్కపో."

"ఒక్కటి గూడ పాడుగాలే? చేతులా అన్నా అవి, మిషిన్లా!"

నవ్వేశాను.

ఆ రాత్రి షాపులోనే షట్టరుకు లోపలి నుంచి తాళం వేసి, చాప పరుచుకుని పడుకున్నాను. బయట చెరకు ట్రాక్టరు ఒకటి పోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు...

ఠంగ్...

కళ్లు తెరిచాను. ఏదో దొర్లుతోంది. మెల్లగా... గోడ దాకా పోయి ఆగింది. లైటు వేశాను. నేల మీద ఏమీ లేదు. పెట్టె మూత వేసే ఉంది. ఎలుక అనుకున్నాను. లైటు మాత్రం ఆర్పలేదు.

మళ్లీ ఠంగ్...

ఈసారి గోడ వైపు పోలేదు. నా వైపు వస్తోంది. వెలుగులో నేలంతా కనబడుతోంది. ఏమీ లేదు. చప్పుడు మాత్రం... దొర్లుతూ... దొర్లుతూ... చాప అంచు దాకా వచ్చి... ఆగింది. నా చెవికి జానెడు దూరంలో.

నేను కదల్లేదు. అప్పుడు తగిలింది వాసన. పచ్చి రంగు వాసన.

ఎలా లేచానో తెలియదు. పెట్టె తెరిచాను. ఒక్క పిన్ను ఎర్రగా ఉంది. ముట్టుకుంటే వేలికి అంటింది. దాని మీద చెక్కిన నంబరు చూశాను. నేను పడేసినదే. గూట్లో రంగు డబ్బా మూత ఎండి బిగుసుకుపోయి ఉంది. ఎంత లాగినా రాలేదు. కుంచె పుల్లలా ఎండిపోయి ఉంది. షట్టరు తాళం వేసినట్టే ఉంది.

పొద్దున సాయిలు వచ్చి చూశాడు.

"గిదేంది అన్నా, ఎర్రగున్నది?"

"కింద పడ్డది" అన్నాను.

హైదరాబాద్‌లో పరీక్షిస్తే ఆ పిన్ను లోపల వెంట్రుకంత పగులు బయటపడింది. పడ్డ సంగతి దాచలేదని మా షాపు సేటు అందరి ముందు నాకు శాలువా కప్పాడు. తల వంచుకుని కప్పించుకున్నాను.

మొన్న సాయిలుకు అంతా చెప్పాను.

"నిద్రల నువ్వే లేసి పూసినవేమో అన్నా. మనసు ఊకోలేదేమో."

అయ్యుండొచ్చు. నేనే పూసి ఉంటే బాగుండు. కాకపోతే... ఆ పిన్నును నేను విమానానికి పంపేసినట్టే కదా.